తీరిక ఎవరికుంది?

(విజయవాడలో ఒక వాకర్స్ క్లబ్ ఆదివారం మీటింగులో ఒక ఫిజియోథెరపిస్టు గారు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాటల్లోనే ఉంది.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? బాబూ, ఆ ఫ్యాను ఒక్కటి కొంచెం తగ్గించు, మైకులో గాలి చప్పుడే వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

మీ సెక్రటరీ గారు ఫోన్ చేసి, మేడం, వాకింగ్ వల్ల లాభాల గురించి ఒక గంట మాట్లాడండి అన్నారు. నేనన్నాను, సార్, తెల్లారుజామున ఐదింటికే గ్రౌండులో ఉండే మనుషులకి నేనొచ్చి వాకింగ్ లాభాలు చెప్పడమేంటి, తాతకి దగ్గులు నేర్పినట్టుంటుంది అని. షుగర్ కంట్రోల్లో ఉంటుంది, బీపీ తగ్గుతుంది, ఇవన్నీ మీకు తెలుసు, తెలియకపోయినా రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్‌తో పాటు ఎవరో ఒకరు పంపిస్తూనే ఉంటారు. అందుకని ఇవాళ ఇక్కడికి రాని వాళ్ల గురించి మాట్లాడదామని వచ్చాను. ఒక్కసారి చుట్టూ చూడండి. ఈ హాల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? నేను లెక్కపెట్టను, మీరే చూసుకోండి. ఆటో నడిపేవాళ్లు ఎవరన్నా ఉన్నారా? తాపీ మేస్త్రీలు? బట్టల షాపుల్లో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిలు? లేరు కదా. ఎందుకు లేరు? వాళ్లకి ఆరోగ్యం మీద శ్రద్ధ లేకనా? బద్ధకమా? నేను అది కాదంటాను, అది కాదు అని చెప్పడానికే ఈ గంటా.

నా దగ్గరకి వచ్చేదంతా నడుం నొప్పులు, మోకాళ్ల నొప్పులు, భుజం పట్టేసినవాళ్లు. ఆ మధ్య ఒకావిడ వచ్చింది, హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. నలభై దాటాయి. మూడున్నరకి లేస్తుంది, టిఫిను, మధ్యాహ్నం భోజనం, మళ్లీ రాత్రి భోజనం. గుండిగలో అన్నం వార్చేటప్పుడు చూశారా ఎప్పుడైనా, ఇద్దరు చెరో పక్క గుడ్డలు పట్టుకుని వంచుతారు, గంజి కారినంతసేపూ దాన్ని అలాగే వంచి పట్టుకుని నిలబడాలి, ఆవిరి మొహానికి కొడుతుంటే మొహం పక్కకి తిప్పుకుని, నడుం ఒక పక్కకి ఒరిగిపోయి. ఆవిడ నడుం నొప్పి సరిగ్గా ఆ పక్కే. దానికితోడు కొత్తగా షుగర్ బయటపడింది, డాక్టర్ గారు రోజూ అరగంట నడవమ్మా అన్నారట. ఆవిడ నాతో ఏమందంటే, "నడవమన్నారమ్మా డాక్టర్ గారు, మరి నేను కూర్చునేదెప్పుడు?"

చెప్పండి, దీనికేం సమాధానం చెప్తారు? మనలో చాలామంది ఏమంటాం, నీకెందుకమ్మా వ్యాయామం, నువ్వు చేసే పనే పెద్ద వ్యాయామం కదా అనేస్తాం. మా అమ్మమ్మలు తిరగళ్లు తిప్పారు, రోళ్లలో దంచారు, వాళ్లకి జిమ్ముందా అంటాం. ఈ మాట నేను ఎన్ని సార్లు విన్నానో. ఇది సగం నిజం. మిగతా సగం గురించి మాట్లాడుకుందాం.

మనిషి ఒళ్లు కదిపే సందర్భాలు నాలుగు రకాలుగా చూస్తారండీ ఈ రంగంలో. ఒకటి సంపాదన కోసం చేసే పని, రెండోది ఇంటి పని, మూడోది ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడం, అంటే బస్టాపు దాకా నడక, సైకిలు, అవి. నాలుగోది తీరిక సమయంలో మనకి మనం కావాలని చేసేది, నడక, ఆట, ఈత, యోగా, డ్యాన్సు ఏదైనా కావచ్చు. కండరం దృష్టిలో నాలుగూ ఒకటే కదా, కాలు కాలే, మెట్టు మెట్టే. కానీ ఒంటికీ మనసుకీ జరిగేది మాత్రం ఒకటి కాదు.

ఈ కథ లండన్ బస్సులతో మొదలైంది. జెర్రీ మోరిస్ అని ఒక డాక్టరు, 1953లో ఆయన టీం పేపరు వచ్చింది. లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సులు కదా, డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే బస్సు. గుండెపోట్లు మాత్రం డ్రైవర్లకి ఎక్కువ, కండక్టర్లకి తక్కువ. అప్పటిదాకా ఒంటి కదలికకీ గుండెకీ సంబంధం ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. (మన ఆర్టీసీలో ఇలాంటి లెక్క ఇప్పుడు తీస్తే ఏమొస్తుందో తెలీదు. ఫ్రీ బస్సు పెట్టిన దగ్గర్నుంచీ కండక్టరుకి ఆ జనంలో మెట్లెక్కడం సంగతి అటుంచి కాలు పెట్టే చోటుందా?) సరే. తర్వాత అదే మోరిస్ గారు ఆఫీసు ఉద్యోగుల్ని చూశాడు, రోజంతా కుర్చీల్లో ఉండే ప్రభుత్వ ఉద్యోగులు. వాళ్లలో తీరిక వేళల్లో గట్టిగా వ్యాయామం చేసినవాళ్లకి గుండెపోట్లు తక్కువ అని తేలింది. ఆయన సంగతి చెప్పాలంటే, 1910లో పుట్టి 2009 దాకా బతికాడు.

ఇక్కడిదాకా కథ సాఫీగానే ఉంది. పనిలో కదిలినా మంచిదే, తీరికలో కదిలినా మంచిదే. ఇక అసలు చిక్కు తర్వాతే వచ్చింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో లక్షా నాలుగు వేలమందిని దాదాపు పదేళ్లు గమనించి 2021లో ఫలితాలు చెప్పారు. తీరిక వేళల్లో బాగా వ్యాయామం చేసేవాళ్లకి, చాలా తక్కువ చేసేవాళ్లతో పోలిస్తే చనిపోయే ప్రమాదం సుమారు 40 శాతం తక్కువ. మంచిదే, ఊహించిందే. మరి పనిలో అందరికంటే ఎక్కువ ఒళ్లు వంచేవాళ్లకి? తక్కువ కాదండీ, ఎక్కువ. 27 శాతం ఎక్కువ. అదే మనిషి ఒళ్లు, అదే కదలిక, ఒకచోట ఆయుష్షు పెంచుతోంది, ఇంకోచోట తగ్గిస్తోంది.

ఎందుకు? ఆలోచించండి, మీకే తెలుస్తుంది. మీరు గ్రౌండులో నలభై నిమిషాలు జోరుగా నడుస్తారు, గుండె వేగం పెరుగుద్ది, తర్వాత బెంచీ మీద కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, ఆ పక్కన రాగిజావ తాగుతారు, గుండె మళ్లీ మామూలుకొస్తుంది, మిగతా రోజంతా అది ఇంకా నెమ్మదిగా, తేలిగ్గా కొట్టుకుంటుంది. మా మెస్సు ఆవిడకి? తెల్లారి మూడున్నర నుంచి రాత్రి పది దాకా ఆ గుండె మరీ వేగంగానూ ఉండదు, మామూలుకీ రాదు. లోడు ట్రాలీ ఆటో రోజంతా ఫస్టు గేరులోనే పోతున్నట్టు. బరువు ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడటం వల్ల బీపీ పెరుగుతుంది, ఆ పెరిగింది కోలుకునే టైము దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, ఆపడం ఆవిడ చేతిలో లేదు. మీకు మోకాలు నొప్పి పుడితే రెండు రౌండ్లు తగ్గించేస్తారు. ఆవిడ తగ్గించగలదా? రెండొందలమంది పిల్లలు పళ్లాలు పట్టుకుని లైన్లో ఉంటారు.

దీని మీద గొడవలు కూడా ఉన్నాయి, అది కూడా చెప్పాలి. కూలి పని చేసేవాళ్లు పేదవాళ్లు, సరైన తిండి లేక, వైద్యం ఆలస్యమై, పొగాకు అలవాటుండి చనిపోతున్నారు తప్ప పని వల్ల కాదు అని కొందరంటారు. ఆ కోపెన్‌హాగెన్ వాళ్లు చదువు, ఆదాయం, పొగ తాగడం లాంటివి లెక్కలోకి తీసుకునే చూశామంటారు, అయినా లెక్కలో పూర్తిగా పట్టుబడనివి ఎప్పుడూ ఉంటాయి. నా మటుకు నాకు, రోజూ నా టేబుల్ మీద పడుకునే నడుముల్ని చూస్తే, మొదటివాళ్ల మాటలో కొంత, రెండోవాళ్ల మాటలో కొంత నిజముందనిపిస్తుంది. కానీ ఒక్కటి ఖాయం, నువ్వు చేసే పనే వ్యాయామం అని ఒక మనిషితో తేలిగ్గా అనేయడానికి లేదు.

సరే, ఇదంతా చావు బతుకుల లెక్క. నన్ను అడిగితే దానికంటే పెద్ద ప్రశ్న, బతికినన్నాళ్లు ఎలా బతుకుతున్నాం అన్నది. జీవన నాణ్యత అంటున్నారు దాన్ని. ఏదో పెద్ద మాటలా ఉంటుంది గానీ దాన్ని కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు, పెద్దదాంట్లో 100 ప్రశ్నలు, చిన్నదాంట్లో 26. ఎక్కడో జెనీవాలో కూర్చుని రాసేసింది కాదండోయ్, 15 ఊళ్లలో జనంతో మాట్లాడి తయారుచేశారు, అందులో మన దేశం నుంచి ఢిల్లీ, మద్రాసు ఉన్నాయి. ఆ 26లో ఏమడుగుతారో కొన్ని చెప్తాను, మీలో మీరే సమాధానం చెప్పుకోండి, పైకి చెప్పక్కర్లేదు. నొప్పి వల్ల మీరు చేయాల్సిన పనులు ఎంతవరకు ఆగిపోతున్నాయి? జీవితాన్ని ఎంత ఆనందిస్తున్నారు? రోజువారీ పనులకి సరిపడా ఓపిక ఉందా? నిద్ర సంతృప్తిగా ఉందా? మీ ఒంటి తీరు మీకు నచ్చుతోందా? స్నేహితుల అండ దొరుకుతోందా?

చూశారా, షుగర్ ఎంత, కొలెస్ట్రాల్ ఎంత అని ఒక్క ప్రశ్న కూడా లేదు.

ఆ 26లో పద్నాలుగో ప్రశ్న ఒకటుంది. ఖాళీ సమయంలో సరదాగా గడిపే అవకాశం మీకు ఎంతవరకు ఉంది? ఇది నేను మా దగ్గరకొచ్చే ఆడవాళ్లని అడిగితే సగం మందికి ప్రశ్నే అర్థం కాదు. ఖాళీ అంటే ఏంటమ్మా, సీరియల్ టైమా అంటారు. సీరియల్ చూస్తూ కూడా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటారు. ఇంకో సంగతి, ఈ ప్రశ్నని వాళ్లు శరీర ఆరోగ్యం కింద పెట్టలేదు, మనసు కింద పెట్టలేదు. పరిసరాల కింద పెట్టారు. అంటే డబ్బు, ఇల్లు, భద్రత, రవాణా, ఆసుపత్రి, వీటి సరసన. తీరిక ఉండటం అనేది ఆ మనిషి గుణం కాదు, ఆ మనిషి చుట్టూ ఉన్న ఏర్పాటు అని దానర్థం. నాకు ఈ పట్టికలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇప్పుడు మన దేశం సంగతి. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల పెద్ద సర్వే ఒకటి, 2014లో ఫలితాలొచ్చాయి, తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్, పద్నాలుగు వేలమంది పైచిలుకు. మన తెలుగు ప్రాంతం అందులో లేదు, కానీ పక్కింటి సంగతి వింటే మన సంగతి తెలియదా. అందులో 54.4 శాతం మంది సరిపడా కదలడం లేదు. తీరిక వేళల్లో వ్యాయామంగానో ఆటగానో ఏదైనా చేసేవాళ్లు? పది శాతం కంటే తక్కువ. అంటే ఇక్కడున్న మీరంతా మైనారిటీ అన్నమాట, ఆ పది శాతంలో మీరు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్కలో మన దేశంలో ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం చాలినంత కదలడం లేదని తేలింది. పేపర్ల వాళ్లు ఏం హెడ్డింగ్ పెట్టారు? బద్ధకిస్టు భారతీయులు అన్న ధోరణిలో పెట్టారు. మన ప్రభుత్వమే 2019లో టైం యూజ్ సర్వే అని చేసింది, ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని. ఇంట్లో జీతం లేని చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఐదు గంటలు ఒకరు, గంటన్నర ఒకరు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని బద్ధకం అని అనండి చూద్దాం.

అయినా నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. మునిసిపల్ పార్కులు చాలావాటికి టైమింగ్స్ చూశారా? పొద్దున్న ఐదు నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఇంట్లో ఉండే ఇల్లాలికి పొద్దున్న ఐదు నుంచి తొమ్మిది అంటే ఏంటి? క్యారేజీలు, పాలు, పిల్లల స్కూలు బస్సు, మామగారి బీపీ మాత్ర. ఆవిడకి ఊపిరి ఆడేదే పదిన్నర తర్వాత. అప్పుడు గేటుకి తాళం. ఎండ కదా మేడం అంటారు, మే నెలలో ఎండే, బెజవాడ ఎండ సంగతి నాకు తెలీదా, మరి డిసెంబరులో, జనవరిలో? ఇక కుక్కలు. నవ్వకండి, నేను సీరియస్‌గా చెప్తున్నాను, మా దగ్గరకొచ్చే ఆడవాళ్లు వాకింగ్ మానేయడానికి చెప్పే కారణాల్లో కుక్కలు మోకాళ్లతో పోటీ పడతాయి. తర్వాత లైట్లు లేని సందులు, బండ్లు పెట్టేసిన ఫుట్‌పాత్‌లు. వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద పొద్దున్న పూట బండ్లు ఆపేస్తారు, నడిచేవాళ్లకి వదిలేస్తారు. అక్కడ చూడండి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని కింద స్పోర్ట్స్ షూ వేసుకుని నడిచే పెద్దావిడలు కనిపిస్తారు. నాకు ఆ దృశ్యం భలే ఇష్టం. దారి ఇస్తే నడుస్తారండీ, నడవకపోవడమంటూ ఉండదు.

ఇప్పుడు ఎంత చేయాలి అన్నది త్వరగా చెప్పేస్తాను, ఇది మీకు తెలిసిందే. 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, లేదా అందులో సగం టైము గట్టి వ్యాయామం. ఒక మోస్తరు అంటే ఎంత? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే. మీలో కొంతమంది నడుస్తూ ఘంటసాల పాటలు హాయిగా పాడుకుంటారు, వాళ్లు కొంచెం స్పీడు పెంచాలి. ఇంతకుముందు ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అనేవాళ్లు, ఆ నిబంధన తీసేశారు. ఎంతసేపైనా లెక్కే. రోజూ కుదరదు, ఆదివారమే కుదురుతుంది అనే ఉద్యోగస్తులున్నారు కదా, వాళ్లకి కూడా మంచి కబురు, బ్రిటన్‌లో దాదాపు 90 వేలమంది చేతులకి కదలికని కొలిచే మీటర్లు కట్టి చూసి 2023లో చెప్పారు, వారం మొత్తం కోటా ఒకటి రెండు రోజుల్లో చేసేసినా గుండెకి లాభం ఇంచుమించు అంతే వస్తోందని.

కానీ మీ క్లబ్బులో ఒక లోటుంది, చెప్తే ఏమనుకోకండి. అందరూ నడుస్తారు, కండలకి పని ఎవరూ చెప్పరు. వారానికి కనీసం రెండు రోజులు కండరాలు బలపడే వ్యాయామం కూడా చేయాలి, అరవై ఐదు దాటినవాళ్లు బ్యాలెన్సు కోసం మూడు రోజులు చేయాలి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, మళ్లీ లేవండి. చెయ్యి ఆనించకుండా, మోకాలు ఆనించకుండా. ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు, కుర్చీలు పడిపోతాయి, ఇంటికెళ్లి మంచం పక్కన చేయండి, ఎవరినన్నా దగ్గర పెట్టుకుని చేయండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు అసలు చేయొద్దు. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లని రెండు వేలమందిని ఇలా కూర్చోబెట్టి లేపారు, పది మార్కులు, చెయ్యో మోకాలో ఆనిన ప్రతిసారీ ఒక మార్కు కట్. మార్కులు తక్కువొచ్చినవాళ్లు తర్వాతి ఏళ్లలో ఎక్కువగా చనిపోయారు అని 2012లో రాశారు. చెయ్యి ఆనించడం వల్ల చావరు లెండి, కాళ్లలో బలం, నడుం వంగడం, బ్యాలెన్సు, ఇవన్నీ ఎంత మిగిలున్నాయో ఆ ఒక్క పనిలో తెలిసిపోతుంది. మనకి ఈ పరీక్ష రోజుకి మూడుసార్లు ఉండేది, పీటల మీద భోజనాలు చేసినన్నాళ్లూ. డైనింగ్ టేబుల్ వచ్చింది, వెస్ట్రన్ కమోడ్ వచ్చింది, పూజ దగ్గర కూడా ఇప్పుడు కుర్చీనే. వాటిని తప్పుపట్టను, మోకాళ్లు అరిగినవాళ్లకి అవి దేవుళ్లు. యాభైలో ఉన్నవాళ్లు మాత్రం కింద కూర్చోవడం మానేయకండి.

మనసు సంగతి ఒక్కటి చెప్పి ఆటల్లోకి వెళ్తాను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో 1999లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి, డిప్రెషన్ ఉన్న, యాభై దాటిన 156 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి డిప్రెషన్‌కి వాడే సెర్ట్రలిన్ మాత్ర, ఒక గుంపుకి వారానికి మూడుసార్లు వ్యాయామం, ఒక గుంపుకి రెండూ. 16 వారాల తర్వాత చూస్తే మూడు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. మాత్ర తొందరగా పనిచేయడం మొదలుపెట్టింది, వ్యాయామం నెమ్మదిగా అందుకుంది. మాత్రలు మానేయమని నేను చెప్పడం లేదు, దయచేసి ఇంటికెళ్లి మేడం మానేయమన్నారు అనకండి, డాక్టరుని అడక్కుండా ఏ మాత్రా మానకండి. నేను చెప్పేదల్లా, దిగులుగా ఉన్న మనిషికి కదలిక కూడా ఒక వైద్యమే అని. మన దగ్గర దిగులుగా ఉన్న ఆడమనిషిని ఏం చేస్తాం? రెస్ట్ తీసుకో అంటాం. గదిలో కూర్చోబెడతాం.

ఆటలు. డెన్మార్క్‌లోనే ఇంకో స్టడీ, 2018లో వచ్చింది, ఏ ఆట ఆడేవాళ్లు ఎన్నేళ్లు ఎక్కువ బతుకుతున్నారు అని, ఇరవై ఐదేళ్లు వెంటపడి చూశారు. అసలేమీ చేయనివాళ్లతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్లు 9.7 ఏళ్లు ఎక్కువ, షటిల్ ఆడేవాళ్లు 6.2 ఏళ్లు ఎక్కువ, ఫుట్‌బాల్ 4.7, జాగింగ్ 3.2. మరి జిమ్? ఒకటిన్నర ఏడాది. టెన్నిస్ ఆడేవాళ్లు డబ్బున్నవాళ్లు కాబట్టి ఎక్కువ బతికారేమో అని మీకు అనుమానం రావాలి, వస్తే మంచిదే, నాకూ వచ్చింది, ఆట వల్లే బతికారు అని ఈ స్టడీ రుజువు చేయదు, రాసినవాళ్లు కూడా అలా అనలేదు. కానీ వరస చూడండి. పైన ఉన్నవన్నీ ఇంకో మనిషి లేకుండా ఆడలేనివి. జిమ్‌లో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చేస్తాం. మీరు రేపు గ్రౌండుకి రాకపోతే ఏమవుతుంది? ఏంటి బావగారూ రాలేదు, ఒంట్లో బాలేదా అని ఎనిమిదింటికల్లా ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ కూడా వ్యాయామంలో భాగమేనండీ. ఇందాక ఆ 26 ప్రశ్నల్లో స్నేహితుల అండ అని ఒకటి చెప్పాను కదా.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయానికి వస్తున్నాను, కోలాటం. ఈ పదీ పదిహేనేళ్లలో మన జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా రామాలయం దగ్గర కోలాటం బృందం ఒకటి తయారైంది. ఒకే రంగు చీరలు, చేతిలో రెండు కోలలు, రాత్రి ఏడున్నర తర్వాత ప్రాక్టీసు. నలభైలు యాభైలు దాటిన ఆడవాళ్లు, పగలంతా మిరపకాయ కోతకి వెళ్లొచ్చినవాళ్లు కూడా ఉంటారు. నేను ఒక ఊళ్లో కూర్చుని పూర్తిగా చూశాను. మొదటి పాట నెమ్మదిగా మొదలవుతుంది, ఎడమ కాలు ముందుకి, కోల పక్కావిడ కోలకి తగలాలి, వెనక్కి తిరగాలి, కిందకి వంగి కోలలు కొట్టాలి, మళ్లీ లేవాలి. మూడో పాటకి వచ్చేసరికి గురువు తాళం వేగం పెంచుతాడు, జడకోపు, అంటే పైనుంచి వేలాడే తాళ్లని ఆడుతూనే జడలా అల్లడం, అది కూడా ఉంటే తాళ్లు చిక్కుపడకుండా ఎవరు ఎటు తిరగాలో బుర్రలో పెట్టుకోవాలి. నాలుగో పాటకి మొహాల మీద చెమట, మాట రావడం లేదు, నవ్వు మాత్రం వస్తోంది, ఎవరిదో కోల గురి తప్పి పక్కావిడ వేలికి తగిలితే అరుపులు. నా ఫిజియోథెరపీ పుస్తకంలో ఉన్నవన్నీ అక్కడున్నాయి. గుండెకి పని, పక్కలకి అడుగులు, ఒంటి కాలి మీద బ్యాలెన్సు, వంగి లేవడం, జ్ఞాపకశక్తి, తోడు. మీరు ఎక్సర్‌సైజ్ చేస్తారా అని అడిగితే అక్కడున్న ఒక్కావిడ కూడా చేస్తాను అనదు. సర్వేవాళ్లొస్తే లేదనే రాసుకుని పోతారు. తెలంగాణ వైపు బతుకమ్మ తొమ్మిది రోజులూ అంతే, గంటలు గంటలు వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరుగుతారు, అది పండగ, వ్యాయామం కాదు వాళ్లకి. నేను ఇంకోటి కూడా గమనించాను, కోలాటానికి వెళ్తానంటే ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పరు, దేవుడి పని కదా. అదే వాకింగ్‌కి వెళ్తానంటే, ఇప్పుడెందుకు, ఎవరితో, వంటెప్పుడు అని మూడు ప్రశ్నలు. ఆడవాళ్లు తమ తీరికని దేవుడి పేరు మీద రిజిస్టర్ చేయించుకున్నారు, తెలివైనవాళ్లు.

మెస్సు ఆవిడ సంగతి ఏమైందని అడుగుతారేమో. నడవమని చెప్పలేదు నేను. గుండిగకి బదులు చిన్న గిన్నెల్లో రెండు వాయిలుగా వండటానికి హాస్టల్ వార్డెన్‌ని ఒప్పించుకోమన్నాను, మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట నడుం వాల్చే ఏర్పాటు చేయించుకోమన్నాను, నడుముకి నాలుగు వ్యాయామాలు నేర్పాను. ముందు విశ్రాంతి, తర్వాతే వ్యాయామం, ఆవిడ విషయంలో వరస అది. సెలవల్లో హాస్టల్ ఖాళీ అయినప్పుడు నడుస్తుందట, వాళ్ల అక్కతో కలిసి కాలవ గట్టు మీద. షుగర్ పూర్తిగా దిగలేదు, మాత్రలు వేసుకుంటోంది. నడుం బాగుంది.

ఇంక నేను ఆపుతాను, టైమైంది, ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ నీలం చొక్కా ఆయనకివ్వండి.

పదివేల అడుగులు తప్పనిసరా అంటున్నారు. కాదండీ. ఆ పదివేలు ఏ డాక్టరూ చెప్పింది కాదు, టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి అమ్మారు, దాని పేరే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుంది, నిలబడిపోయింది. అమెరికాలో సగటున 72 ఏళ్లున్న ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన స్టడీలో రోజుకి 4,400 అడుగులు వేసినవాళ్లకి, 2,700 వేసినవాళ్లకంటే చనిపోయే ప్రమాదం బాగా తక్కువుంది, 7,500 దాటాక ఇంక పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి రాత్రి పదకొండింటికి ఆ మిగిలిన పన్నెండొందల కోసం హాల్లో అటూ ఇటూ తిరక్కండి, ఇంట్లోవాళ్ల నిద్ర పాడవుద్ది.

అమ్మా, మీరు చెప్పండి. మోకాళ్లు అరిగాయి, నడవొచ్చా? నడవొచ్చు. మోకాలి అరుగుదలకి వ్యాయామం మొదటి వరస వైద్యం, తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుద్ది. నడిచాక నొప్పి కొంచెం పెరిగి మర్నాటికి తగ్గిపోతే పర్వాలేదు, వాపొచ్చి రెండు రోజులున్నా, మోకాలు ఎర్రగా వేడిగా ఉన్నా ఆపి చూపించుకోండి. ముందు కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టుకోవడంతో మొదలుపెట్టండి, మీటింగ్ అయ్యాక నా దగ్గరకి రండి, చూపిస్తాను.

చివర్న మాస్టారు. మా ఆవిడ ఎంత చెప్పినా వాకింగ్‌కి రాదు మేడం, ఏం చేయాలి అంటున్నారు. సరే మాస్టారూ, మీరు గ్రౌండు నుంచి ఏడున్నరకి ఇంటికెళ్తారు కదా, వెళ్లేసరికి కాఫీ ఎవరు పెట్టి ఉంచుతారు? చట్నీ ఎవరు రుబ్బుతారు? అదీ సంగతి. వారంలో మూడు రోజులు మీరు సాయంత్రానికి మారండి, ఆ మూడు పొద్దులూ వంటింట్లో మీరుండండి. రమ్మని చెప్పక్కర్లేదు, ఆ గంట ఆవిడకి వదిలేయండి. నడుస్తుందో, పక్కింటావిడతో మాట్లాడుతుందో, పడుకుంటుందో ఆవిడిష్టం. ఒక నెల చూసి నాకు ఫోన్ చేయండి. ఆ పక్కన ఇంకెవరో చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.